డబ్బింగు పాటకు పంక్తిలో చోటు లేదా?

ఉగాదికి పాటల పోటీ పెడుతూ మా వైపు తెలుగు సంఘమొకటి పంచిన కరపత్రం నా ముందుంది. అందులో మూడు షరతులు. ఒకటి, పాడేది పాత సినిమా పాట కావాలి. రెండు, అది 'స్ట్రెయిట్' తెలుగు చిత్రంలోదే కావాలి; డబ్బింగు పాటలు, రెండు భాషల్లో తీసిన చిత్రాల తమిళ పాటలు పనికిరావు. మూడు, పాటను తెలుగు లిపిలో రాసి ముందుగా ఇవ్వాలి.

మొదటి షరతు నాకు ఇష్టమే. రెండోది తెలియనితనం. మూడోది అన్యాయం. తెలుగు శుద్ధిని కాపాడే నియమంలో 'స్ట్రెయిట్' అనే మాటకు తెలుగు దొరకలేదు కాబోలు, ఆ సంగతి వదిలేద్దాం. సంఘం పేరు చెప్పను. చెబితే తగాదా మనుషుల మీదికి మళ్లి అసలు మాట పక్కకు పోతుంది. పైగా ఈ ఆలోచన ఒక్క సంఘానిదే కాదు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగరం దాకా తెలుగు సభల్లోనూ పెళ్లి పందిళ్లలోనూ, ఎప్పుడో ఒకసారి రైలు దిగివచ్చే ఆంధ్ర అతిథుల ఉపన్యాసాల్లోనూ ఎన్నోసార్లు విన్నాను: "డబ్బింగు పాటా? అది మన పాట కాదు లెండి."

నేను సాహిత్యం చదివినవాణ్ణి కాను. సొంత ఊరు కళుగుమలై. కోవిల్‌పట్టిలో బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, అగ్గిపెట్టెల కార్ఖానాలకూ పప్పుల వ్యాపారులకూ అప్పులిచ్చి వసూలు చేసే పనిలో తల నెరిసినవాణ్ణి. సంగీతం నేర్చుకోలేదు. మా నాయన టూరింగ్ టాకీసు రోజుల నుంచి పోగుచేసుకున్న సినిమా పిచ్చి మాత్రం నాకు వారసత్వంగా వచ్చింది. ఆ పిచ్చి ఇచ్చిన అధికారంతోనే రాస్తున్నాను.

1962లో 'కొంజుం సలంగై' అనే తమిళ చిత్రం వచ్చింది. సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. అందులో సావిత్రి పాడుతుంటే జెమినీ గణేశన్ నాదస్వరం ఊదే ఆభేరి రాగం పాట ఒకటుంది. గొంతు ఎస్. జానకిది, ఆమెది రేపల్లె ప్రాంతం. నాదస్వరం కారుక్కురిచ్చి అరుణాచలం గారిది. ఆయన టి.ఎన్. రాజరత్నం పిళ్లె శిష్యుడు. పుట్టింది తిరునెల్వేలి జిల్లా కారుక్కురిచ్చిలో, స్థిరపడింది మా కోవిల్‌పట్టిలో. 1964లో, నడివయసులోనే పోయినారు. ఆ చిత్రమే తెలుగులో 'మురిపించే మువ్వలు' అయింది. పాటకు తెలుగు మాటలు ఆరుద్ర రాశారు. జానకి మళ్లీ తెలుగులో పాడారు. నాదస్వరం అదే అరుణాచలం గారిది. నాదస్వరానికి డబ్బింగు అక్కరలేదు గదా!

ఉద్యోగరీత్యా నాలుగేళ్లు కర్నూలు జిల్లాలో ఉన్నాను. ఒకరోజు మధ్యాహ్నం రేడియోలో ఈ పాట వస్తే పక్క కుర్చీలో క్యాషియరు కళ్లు మూసుకుని, "చూడండి సార్, ఇట్లాంటి పాట మా తెలుగులో తప్ప ఎక్కడన్నా పుడుతుందా?" అన్నాడు. నా తెలుగును 'అరవ తెలుగు' అని రోజూ ఆటపట్టించే మనిషి. ఇది తమిళం నుంచి వచ్చిందయ్యా, ఆ నాదస్వరం మా కోవిల్‌పట్టి ఆయనదయ్యా అంటే నమ్మలేదు. టీ పందెం కాశాడు. నెల రోజుల తర్వాత ఎవరినో అడిగి తెలుసుకుని టీ ఇప్పించాడు. తెలుగు గడ్డ మీద పుట్టి పెరిగినవాడు తన సొంత పాట అనుకుని కళ్లు మూసుకుని విన్న పాటను, ఆ నాదస్వరం పుట్టిన మా ఊళ్లోనే మా తెలుగువాళ్లు 'మనది కాదు' అని బయట నిలబెడుతున్నారు. నియమం అంటే ఇదే అయితే ఆ నియమానికి చెవులు లేవు.

మా వైపు పెళ్లిళ్లలో ముహూర్తం దాటి భోజనాలకు లేచే వేళ నాదస్వరం వాళ్లు ఈ పాట ఎత్తుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఏ భాష పాట వాయిస్తున్నారో ఎవరైనా వాళ్లను అడిగి రమ్మనండి.

డబ్బింగు అనేసరికి మనవాళ్ల కళ్లకు కనిపించేది పెదవులకు అతకని మాటలు, అర్థం లేని అనుకరణలు. అట్లాంటివి లేవని నేను అనను. 1990ల తర్వాత వరసగా దిగిన కొన్ని డబ్బింగు పాటలు వింటుంటే ఏ భాషవాడికీ అన్నం సయించదు. కానీ చెడ్డ పాటలు 'స్ట్రెయిట్' చిత్రాల్లో లేవా? పరీక్ష పాటకు పెట్టాలి గాని పుట్టుకకు కాదు.

డబ్బింగు పాట రాయడమంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. బాణీ అప్పటికే ఉంది, మార్చడానికి లేదు. తెర మీద నటి పెదవులు ఎక్కడ మూసుకుంటే అక్కడ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. తమిళ మాటలు చాలావరకు 'మ్' అనో 'న్' అనో 'ల్' అనో హల్లు మీద ఆగుతాయి. తెలుగు మాట చాలావరకు అచ్చు మీదే ఆగుతుంది. తమిళంలో నోరు మూసుకునే చోట తెలుగులో నోరు తెరుచుకుంటుంది. ఆ తేడాను బాణీ చెడకుండా, పెదవులు తప్పకుండా, అర్థం చిట్లకుండా సర్దాలి. సర్దినట్టు వినేవాడికి తెలియకూడదు. కర్నూలు క్యాషియరుకు తెలియలేదు. ఆరుద్ర నెగ్గినట్టా కాదా?

శ్రీశ్రీ సంగతి తెలుగువాళ్లు మర్చిపోవడం నాకు వింతగా ఉంటుంది. 1950లో హిందీ నుంచి తెలుగైన 'ఆహుతి'కి మాటలూ పాటలూ రాసింది ఆయనే. తెలుగులో డబ్బింగుకు తొలి అడుగు అదే అని చెబుతారు. మహాకవి చేసిన పనికి మన పంక్తిలో విస్తరి వెయ్యమా?

ఇంకా వెనక్కి వెళదాం. కోవిల్‌పట్టికి దగ్గరలోని ఎట్టయపురంలో ముత్తుస్వామి దీక్షితుల సమాధి ఉంది. 1835లో ఆయన అక్కడే పోయారు. ఆయన 'నోట్టు స్వర సాహిత్యాలు' అని కొన్ని చేశారు. ఇంగ్లీషు బ్యాండువాళ్లు వాయించే బాణీలు, దొరల రాజభక్తి గీతం బాణీతో సహా, తీసుకుని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వేరేవాళ్ల బాణీకి మన మాటలు. దీన్ని ఏమంటారు? సంగీత మూర్తిత్రయంలో ఒకరు చేస్తే సాహిత్యం, ఆరుద్ర చేస్తే డబ్బింగా?

ఇక రెండు భాషల్లో తీసిన చిత్రాల మాట. ఇక్కడ మన నియమకర్తల లెక్క మరీ విడ్డూరం. ఆ చిత్రాల్లో తెలుగు పాట పాడవచ్చు, తమిళ పాట పాడకూడదు. తెలుగు సభలో తెలుగు పాటే పాడాలనడం న్యాయమే, దానికి నేనూ చేయెత్తుతాను. నా పేచీ దాని వెనక ఉన్న మాటతో. ఆ తమిళ పాట 'వాళ్లది', ఈ తెలుగు పాట 'మనది', రెంటికీ సంబంధం లేదన్నట్టు మాట్లాడతారే, దానితో.

'దేవదాసు' తీసుకోండి. 1953. తెలుగువాడి గుండెలో ఇంతకంటే లోపలికి దిగిన పాటలున్నాయా? వాటికి సంగీతం సి.ఆర్. సుబ్బురామన్. ఎక్కడివాడు? తిరునెల్వేలి జిల్లా చింతామణివాడు. ఇంటిపేరులా మొదట ఉన్న 'సి' ఆ ఊరే. చిత్రం బయటికి రాకముందే, 1952లో, ముప్పై ఏళ్లు నిండకుండానే పోయాడు. మిగిలిన పని ఆయన దగ్గర ఉన్న విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. తెలుగు సాహిత్యం సముద్రాల రాఘవాచార్య, తమిళ సాహిత్యంలో ఉడుమలై నారాయణ కవి చెయ్యి ఉంది. రెండింటిలోనూ గొంతు ఘంటసాలదే. అంటే మన జిల్లాల మనిషి కట్టిన బాణీ, కృష్ణా జిల్లా మనిషి గొంతు, రెండు భాషల మాటలు. దీన్ని ఏ గీత గీసి విడదీస్తారు?

అట్లాగని రెండూ సమానమని మర్యాదకు చెప్పే రకం కాను. దేవదాసు తాగిన తర్వాత పాడే పాటలు నాకు తెలుగులోనే ఇష్టం. ఘంటసాల తమిళం శుభ్రమే. కానీ తమిళ 'ళ'కారాల దగ్గర ఆయన జాగ్రత్త పడుతున్నట్టు నా చెవికి తెలిసిపోతుంది. జాగ్రత్త పడే తాగుబోతు ఎక్కడైనా ఉంటాడా? 'మాయాబజార్'లో ఘటోత్కచుడి విందు పాట మాత్రం తిరుచ్చి లోకనాథన్ తమిళంలో పాడిందే నాకు రుచి. మాధవపెద్ది సత్యం అభిమానులు కోప్పడకూడదు. ఆయన గొంతులో రాక్షసుడి ఠీవి ఉంది. లోకనాథన్ గొంతులో ఆకలి ఉంది. విందు ముందు ఆకలే ముఖ్యం.

1957 నాటి ఆ మాయాబజార్‌కు బాణీలు మొదలుపెట్టింది సాలూరి రాజేశ్వరరావు, ముగించింది ఘంటసాల. తెలుగు మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు, తమిళంలో తంజై రామయ్యదాస్. ఎస్.వి. రంగారావు, సావిత్రి, ఎన్.టి. రామారావు రెండింటిలోనూ వారే. అభిమన్యుడు మారాడు: అక్కడ నాగేశ్వరరావు, ఇక్కడ జెమినీ గణేశన్. రామయ్యదాస్ పింగళిని అనువదించలేదు. అదే వెన్నెలను, అదే పడవను తీసుకుని తన భాషలో మళ్లీ పుట్టించాడు. (2010లో తెలుగు మాయాబజార్‌కు రంగులు పూసి, శబ్దాన్ని హాలు నలుమూలలకూ పంచి విడుదల చేశారు. ఆ నలుపు తెలుపు వెన్నెలకు ఏం తక్కువైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది వేరే గొడవ.)

1955 సంక్రాంతికి వచ్చిన 'మిస్సమ్మ', తమిళ 'మిస్సియమ్మ' కూడా ఇంతే. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, సంగీతం సాలూరి, కథానాయిక సావిత్రి, చందమామ పాటలో మగ గొంతు ఎ.ఎం. రాజాది, రెండింటికీ. రాజా చిత్తూరు జిల్లావాడు. 1959లో శ్రీధర్ తమిళంలో తీసిన 'కల్యాణ పరిసు'కూ, 1960లో దాన్నే తెలుగులో తీసిన 'పెళ్లికానుక'కూ సంగీతం ఆయనే. తన బాణీలను రెండు భాషల్లోనూ తానే పాడుకున్నాడు. 1989లో కచేరీ కోసం దక్షిణాదికి వస్తూ తిరునెల్వేలి దగ్గర వళ్ళియూరు స్టేషనులో రైలు కింద పడి పోయాడు. చిత్తూరు జిల్లా నుంచి వళ్ళియూరు దాకా సాగిన ఆ జీవితాన్ని ఏ భాష ఖాతాలో రాస్తారు?

నా వృత్తిలో ప్రతి లావాదేవీకి రెండు పద్దులుంటాయి. ఒకవైపు జమ, ఒకవైపు ఖర్చు. ఒక పద్దు మాత్రమే రాసి పుస్తకం మూసేస్తే ఆడిటరు ఒప్పుకోడు. ఆంధ్రలో ఒక పద్దు రాసుకున్నారు, తమిళులు ఇంకొకటి రాసుకున్నారు. ఇద్దరినీ తప్పుపట్టను, వాళ్లకు అవతలి పుట కనిపించదు. రెండు పుటలూ చదవగలిగినవాళ్లం ఎవరం? ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే మనమే. ఆ పాటలను పూర్తిగా వినగల శ్రోతలం మనమే. ఆ భాగ్యాన్ని పట్టుకుని, 'మేం సగమే వింటాం' అని కరపత్రం అచ్చువేస్తున్నాం.

ఇంకో సంగతి చెప్పాలి. 1978లో బాలచందర్ 'మరో చరిత్ర' మద్రాసు సఫైర్ థియేటరులో 500 రోజులు దాటి ఆడింది. తమిళంలోకి మార్చి కాదు, తెలుగులోనే. ఆత్రేయ మాటలు, విశ్వనాథన్ బాణీలు. తమిళ ప్రేక్షకుడు తెలుగు పాటను తెలుగులోనే కూర్చుని విన్నాడు. 'ఇది స్ట్రెయిట్ తమిళమేనా' అని టిక్కెట్టు కౌంటరులో అడగలేదు.

నియమం పెట్టినవారి భయం నాకు తెలియనిది కాదు. ఏడాదికి ఒక్కరోజు తెలుగు సభ. ఆ రోజు కూడా తలుపు తెరిస్తే తమిళ పాటే వరదలా వచ్చి కూర్చుంటుందని వాళ్ల దిగులు. అందులో నిజముంది. కానీ డబ్బింగు పాట తమిళ పాట కాదే! మాటలు తెలుగు, రాసింది తెలుగు కవి, పాడింది తెలుగు గాయని. దాన్ని బయటికి నెట్టితే తమిళ వరద ఆగదు. ఉన్న తెలుగులో ఒక భాగం పోతుంది, అంతే.

ఇప్పుడు మూడో షరతు. మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతి ఉంది, నన్ను మామా అని పిలుస్తుంది. ఇంట్లో తెలుగే. బడిలో తమిళం, ఇంగ్లీషు. నా చిన్నప్పుడే మా వైపు తెలుగు అక్షరాలు చెప్పే బడి నేను ఎరగను. నాకు తెలుగు రాయడం వచ్చింది కర్నూలు జిల్లాలో, ముప్పై దాటాక. తమిళం అన్ని బడుల్లో తప్పనిసరి అని 2006లో చట్టం వచ్చిన తర్వాత ఆ పిల్లకు ఆ అవకాశమూ తగ్గింది. 'మురిపించే మువ్వలు' పాటను తాను విని విని కాగితం మీద తమిళ అక్షరాల్లో రాసుకుంది. తమిళంలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒక్కటే అక్షరం. క, ఖ, గ, ఘలకూ ఒక్కటే. ఎక్కడ 'ద' పలకాలో మర్చిపోకుండా ఆ అక్షరం కింద ఎర్రసిరాతో గీత గీసుకుంది. 'గ' దగ్గర రెండు గీతలు. ఎవరూ చెప్పలేదు, తానే కనిపెట్టుకుంది. ఆ కాగితం చూసి నిర్వాహకుడు రెండు కారణాలు చెప్పి వెనక్కిచ్చాడు. ఒకటి డబ్బింగు, రెండు అరవ లిపి. "ఏం మామా, ఇది తెలుగు గాదా?" అని నన్నడిగింది.

నేను ఆ పిల్లకు ఎట్టయపురం సంగతి చెప్పాను. సుబ్బరామ దీక్షితులు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చువేసింది ఆ ఊళ్లోనే. అది తమిళ దేశపు జమీను. అందులో ముత్తుస్వామి దీక్షితుల సంస్కృత కృతులు. అచ్చయింది తెలుగు లిపిలో. తర్వాత మద్రాసు సంగీత అకాడమీ దాన్ని తమిళ లిపిలో వేసింది. ఏ లిపిలో వేసినా ఆ కృతులు వేరేవైపోలేదు, ఎవరూ పంక్తిలోంచి లేవగొట్టలేదు. కోవిల్‌పట్టి పక్క ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ మన పూర్వులు ఈ కరిసల్ నేలకు వలసవచ్చిన కథను 'గోపల్ల గ్రామం'లో తమిళంలోనే రాశారు. 2021లో ఆయన పోయేదాకా, పోయాక కూడా, ఆ కథ మనది కాదని మనలో ఎవరైనా అన్నారా? సభల్లో ఆయన పేరు చెప్పుకుని పొంగిపోతాం. తమిళ లిపిలో తెలుగు చరిత్ర రాస్తే మన గొప్ప. అదే లిపిలో తెలుగు పాట రాసుకుంటే ఆ పిల్ల తప్పా?

అయ్యా నిర్వాహకులారా, మీరు పరీక్షించవలసింది కాగితాన్ని కాదు, గొంతును. 'ద'ను 'ద' అని పలికిందా లేదా? 'గ'ను గట్టిగా పలికిందా లేదా? కాగితం చేతబట్టి వేదికెక్కే పిల్లలో ఎంతమంది ఆ తెలుగు కాగితం తామే రాసుకున్నారో, ఎంతమందికి తాతలో బంధువులో రాసిచ్చారో మీకూ తెలుసు. అక్షరాలు నేర్పాలంటే నేర్పండి. శనివారాలు నేనే వచ్చి కూర్చుంటాను, పలకలు నేనే కొంటాను. ఆ పిల్ల ఎర్రగీతల కాగితమే మొదటి పాఠం చేద్దాం. ఒక్క గీత ఎక్కడుందో అక్కడ 'ద' రాయించండి, రెండు గీతలున్నచోట 'గ'. నెల రోజుల్లో పాట మొత్తం తెలుగులో రాస్తుంది. పోటీలోంచి పంపించేస్తే మాత్రం ఆ కాగితం పుస్తకంలో మడిచి పెట్టేస్తుంది, తర్వాత ఆ పుస్తకమూ పాతకాగితాల వాడికి పోతుంది.

ఈ మాటలన్నీ సంఘానికి ఉత్తరంగా రాసి నెల అయింది. జవాబు రాలేదు. ఈ ఏటి చందా మాత్రం నేను కట్టేశాను. రసీదు కూడా చేతికిచ్చారు. తమిళంలో ఉంది.